కొత్త సింక్రోట్రాన్ పని బాలానగర్ లేతుల దాకా రానివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బాలానగర్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఇరవై ఎనిమిదేళ్లుగా చిన్న మెషిన్ షాపు నడుపుతున్నాను. మూడు లేతులు, ఒక మిల్లింగ్ మిషన్, అప్పు చేసి కొన్న, కంప్యూటర్‌తో నడిచే రెండు సీఎన్‌సీ మిషన్లు, తొమ్మిది మంది పనివాళ్లు. పొద్దున షట్టర్ ఎత్తగానే చాయ్, దాని వెంటే మీ పేపర్. నా చదువు ఐటీఐ ఫిట్టర్ వరకే అయినా పేపర్ మాత్రం ఆఖరి పేజీ దాకా చదువుతాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది సింక్రోట్రాన్ గురించి. మాట కొత్తగా ఉందని పక్కన పెట్టెయ్యకండి, ఇది మా హైదరాబాద్ పనివాళ్ల చేతి పనికి సంబంధించిన విషయం కూడా.

ఆ మాట నాకు మా పెద్దమ్మాయి వల్ల తెలిసింది. నగరంలోనే ఒక యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది, క్షయ రోగం తెచ్చే సూక్ష్మజీవిలోని ఒక ప్రోటీన్ ఎలా ఉంటుందో కనుక్కోవడం తన పని. ఆ ప్రోటీన్‌ని స్ఫటికంగా పెంచాలి, పటిక బెల్లం గడ్డకట్టినట్టు, కాకపోతే ఇది వెంట్రుక మందం కూడా ఉండదు, పెరగడానికి నెలలు పడుతుంది. దాన్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి గడ్డకట్టించి, దాని మీదకు చాలా ప్రకాశవంతమైన ఎక్స్‌రేలు పంపితే చెల్లాచెదురైన చుక్కల బొమ్మ వస్తుంది, ఆ చుక్కల లెక్క నుంచి ఏ పరమాణువు ఎక్కడ ఉందో తేలుతుంది. మన వెంకట్రామన్ రామకృష్ణన్ గారికి 2009లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది ఇదే దారిలో, కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఆకారం పట్టుకున్నందుకే. ఆసుపత్రి ఎక్స్‌రే కన్నా వేల కోట్ల రెట్లు ప్రకాశం కావాలి. ఆ వెలుగు ఇచ్చే యంత్రమే సింక్రోట్రాన్.

అది ఎలా పనిచేస్తుందో అమ్మాయి నాకు రెండు మూడు సార్లు చెప్పింది, ఎక్కలేదు. ఒకరోజు షాపుకి వచ్చి బెంచ్ గ్రైండర్ దగ్గర నిలబడి "నాన్నా, ఇదే" అంది. గ్రైండింగ్ వీల్‌కి ఇనుము ఆనిస్తే రవ్వలు వీల్‌తో పాటు గుండ్రంగా తిరగవు కదా, అంచు తాకిన చోటు నుంచి గీత గీసినట్టు నేరుగా దూసుకుపోతాయి. అలాగే గాలి లేని రింగు లాంటి గుండ్రటి గొట్టంలో ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో పరిగెత్తించి, అయస్కాంతాలతో వాటి దారి వంచుతుంటే, వంగిన ప్రతిచోటా వెలుగు నేరుగా బయటికి చిమ్ముతుంది. చుట్టూ అక్కడక్కడా గొట్టాలు అమర్చి ఆ వెలుగును పట్టుకుని ఒక్కో గొట్టం చివర ఒక్కో ప్రయోగం పెడతారు. వాటిని బీమ్‌లైన్లు అంటారు. 1947లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబ్‌లో మొదటిసారి ఈ వెలుగు కంటికి కనపడిందట. కణాలను ఢీకొట్టించే శాస్త్రవేత్తలకు మొదట్లో ఇది శక్తిని తినేసే తలనొప్పిగానే ఉండేదని, తర్వాత దాని కోసమే ప్రత్యేకంగా యంత్రాలు కట్టడం మొదలైందని చెప్పింది.

మన దేశంలో ఇది లేదని కాదు. ఇందోర్‌లో రాజా రామన్న సెంటర్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది, అక్కడ ఇండస్-1, ఇండస్-2 అని రెండు రింగులు మన వాళ్లే కట్టారు. చిన్నది 1999 నుంచి, పెద్దది 2005 నుంచి వెలుగు ఇస్తున్నాయి. ఇండస్-2 చుట్టుకొలత 172.5 మీటర్లు, ఎలక్ట్రాన్ల శక్తి 250 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. అందులో ఎలక్ట్రాన్ సెకనుకు 17 లక్షల చుట్లు తిరుగుతుంది. ఎలక్ట్రాన్లకు రేడియో తరంగాలతో శక్తి అందించడానికి కావాల్సిన 505.8 మెగాహెర్ట్జ్ ఆంప్లిఫయర్లను కూడా బయటి నుంచి తెచ్చుకునే అవసరం లేకుండా అక్కడి ఇంజినీర్లే తయారు చేసుకున్నారు. మా అమ్మాయి అక్కడికి వెళ్లి కొంచెం పెద్ద స్ఫటికాలకు డేటా తెచ్చుకుంది కూడా. ఆ యంత్రాన్ని ఇన్నేళ్లుగా రాత్రింబవళ్లు నడుపుతున్న వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

అయితే రింగుల్లో తరాలు మారిపోయాయి. ఎలక్ట్రాన్ల గుంపు ఎంత సన్నగా, ఎంత చెదరకుండా సాగితే వెలుగు అంత చిక్కగా వస్తుంది. దానికి ఒక కొలత ఉంది, ఎమిటెన్స్ అంటారు, తక్కువైతే మంచిది. ఇండస్-2కి అది 58, ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లో 844 మీటర్ల రింగుని 2020లో కొత్తగా మార్చాక అక్కడ 0.13. బ్రెజిల్ కొత్త రింగుకి 0.25. లేత్ మీద పని చేసేవాడికి ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది, మిల్లీమీటర్ల స్కేలుతో కొలవడానికీ మైక్రోమీటర్‌తో కొలవడానికీ ఉన్నంత తేడా. చిన్న స్ఫటికం నుంచి డేటా రావాలంటే కొత్త తరం వెలుగు కావాల్సిందే.

అందుకని మన పిల్లలు విదేశాలకు అప్లికేషన్ పెడతారు. జపాన్‌లో సుకుబా, జర్మనీలో హాంబర్గ్, ఇటలీలో ట్రియెస్టె, ఈ మూడుచోట్లా మన ప్రభుత్వం డబ్బు పెట్టి మన వాళ్లకు చోటు ఇప్పించింది, అది మంచి పని. ఎక్కడైనా సమయాన్ని షిఫ్టుల్లో ఇస్తారు, షిఫ్టు అంటే 8 గంటలు, మా షాపులో లాగే. నిరుడు అమ్మాయికి ఒక షిఫ్టు దొరికింది. మనిషి వెళ్లక్కర్లేదు, స్ఫటికాలను పంపితే ఇక్కడ కూర్చుని కంప్యూటర్ మీద నడపొచ్చు. నైట్రోజన్ పీల్చుకుని వారం పది రోజులు చల్లగా ఉంచే ప్రత్యేకమైన డబ్బాలో పెట్టి పంపింది. దారిలో ఒక విమానాశ్రయంలో ఏదో కాగితం సరిగా లేదని డబ్బా ఆగిపోయింది, అక్కడి నుంచి కదిలేసరికి నైట్రోజన్ అయిపోయింది. షిఫ్టు వచ్చిన రాత్రి నేను తనకి చాయ్ తీసుకెళ్లి ఇచ్చాను. స్క్రీన్ మీద నైలాన్ దారపు ఉచ్చులో వేలాడుతున్న స్ఫటికం కనపడుతోంది, చూడటానికి బాగానే ఉంది, వెలుగు పడితే మాత్రం చుక్కలు లేవు. ఒకటి తర్వాత ఒకటి పద్దెనిమిది పెట్టి చూసింది. తెల్లవారుజామున లేచి "పడుకుంటా నాన్నా" అని వెళ్లిపోయింది. మళ్లీ షిఫ్టు దొరకడానికి ఆరు నెలలు పట్టింది.

దేశంలో కొత్త తరం రింగు కావాలని మన శాస్త్రవేత్తలు ఏళ్లుగా అడుగుతున్నారు. నేను కూడా అదే అడుగుతున్నాను, కాకపోతే శాస్త్రవేత్తలు చెప్పని ఒక మాట నా వైపు నుంచి కలుపుతున్నాను. ఆ రింగు కట్టేటప్పుడు దాని ముక్కలు మాలాంటి షాపుల చేత చేయించండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన అన్నారు, "కొన్ని వేల కోట్లు పెట్టి వెలుతురు కొనుక్కోవడం ఎందుకయ్యా, ఆ డబ్బుతో ఆసుపత్రులు కట్టొచ్చు కదా" అని. ఆయన అడిగింది తప్పేమీ కాదు. నేను ఆయన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఐడీపీఎల్ వైపు చూపించాను. 1960లలో సోవియట్ వాళ్ల సాయంతో ప్రభుత్వం అక్కడ మందుల ఫ్యాక్టరీ పెట్టింది. ఈ రోజు ఆ ఫ్యాక్టరీ నడవట్లేదు, దాని లెక్కలు చూస్తే నష్టమే అంటారు. కానీ అందులో పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజినీర్లు బయటికి వచ్చి జీడిమెట్ల నుంచి పటాన్‌చెరు దాకా కంపెనీలు పెట్టారు. అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసిన వారే, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్‌ని మందుల ఊరు అని ప్రపంచం అంటోందంటే దాని వేర్లు మా బాలానగర్‌లో ఉన్నాయి. ఐడీపీఎల్‌ లాభనష్టాలు లెక్క వేసేవాళ్లు ఇది కూడా కలుపుకోవాలి కదా. 1967లో వచ్చిన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ కథా అంతే, ఎంతమంది ఎలక్ట్రానిక్స్ నేర్చుకుని బయటికొచ్చారో ఆ చుట్టుపక్కల కాలనీల్లో అడిగితే చెప్తారు. సింక్రోట్రాన్‌ని కూడా నేను అలాగే చూస్తున్నాను. వెలుగు శాస్త్రవేత్తలకు వెళ్తుంది, యంత్రం కట్టేటప్పుడు వచ్చే పనితనం దేశంలో మిగులుతుంది.

ఆ పనితనం ఏమిటో నా సొంత అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక పరిశోధన సంస్థ నుంచి నాకు 40 వ్యాక్యూమ్ ఫ్లాంజ్‌ల ఆర్డర్ వచ్చింది, అంటే గాలి లాగేసిన గొట్టాల చివర్లను కలిపి బిగించే చక్రాలు. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు, అందులో కత్తి అంచులాగా పైకి లేచిన ఒక గట్టు ఉంటుంది, రెండు ఫ్లాంజ్‌ల మధ్య రాగి రింగు పెట్టి బిగిస్తే ఆ అంచు రాగిలోకి దిగి గాలి చొరబడకుండా చేస్తుంది. డ్రాయింగ్ చూసి ఇదెంత పని అనుకున్నాను. సైజులన్నీ మైక్రాన్లతో సహా కుదిరాయి. పంపిన 40లో 31 వెనక్కి వచ్చాయి. నాకు చాలా కోపం వచ్చింది, మెటీరియల్ ఖర్చే నా రెండు నెలల సంపాదన. ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను. అవతల ఉన్న శాస్త్రవేత్త గారు గొంతు పెంచకుండా "మీ లేత్ టర్నర్‌ని తీసుకుని ఒకసారి ల్యాబ్‌కి రండి" అన్నారు.

వెళ్లాం. ఫ్లాంజ్ బిగించి లోపలి గాలి అంతా లాగేసి, బయట సన్నని గొట్టంతో హీలియం వాయువు ఊదుతూ మీటరు చూపించారు. హీలియం ఏ సందులోంచైనా లోపలికి దూరితే మీటరు లేస్తుంది. నా ఫ్లాంజ్ దగ్గర లేచింది. భూతద్దం పెట్టి చూస్తే కత్తి అంచు మీద గీత ఉంది, తీసి పెట్టేటప్పుడు ఒకదానికి ఒకటి తగిలి పడిన గీత, కంటికి ఆనదు. వాళ్లు ఒప్పుకునే లీకు ఎంతో చెప్పినప్పుడు నా బుర్ర తిరిగింది. ఆ రంధ్రం గుండా ఒక్క క్యూబిక్ సెంటీమీటర్ గాలి లోపలికి రావడానికి 300 ఏళ్లు పట్టాలి, అంతకన్నా తొందరగా వస్తే జాబ్ రిజెక్ట్. ఎందుకంటే సింక్రోట్రాన్ గొట్టంలో గాలి ఒత్తిడి బయటి దాంట్లో లక్ష కోట్లో వంతు స్థాయికి దిగాలి, లేకపోతే ఎలక్ట్రాన్లు గాలి కణాలకు కొట్టుకుని చెదిరిపోతాయి, గంటల తరబడి తిరగలేవు. వేలిముద్ర జిడ్డు కూడా అక్కడ లీకుతో సమానం, అందులోంచి ఆవిరి ఊరుతూనే ఉంటుంది. మేము నూనె చేతులతో, వేస్ట్ గుడ్డతో తుడిచి అట్టపెట్టెలో వేసి పంపాం.

తిరిగొచ్చాక మా టర్నర్ షాపులో ఒక మూల ఖాళీ చేయించాడు. అక్కడికి చెప్పులతో రానివ్వడు. చేతికి గ్లవ్స్, ఒక్కో ముక్కకి ఒక్కో ప్లాస్టిక్ మూత, ఆఖరి కటింగ్‌కి కొత్త టూల్, కడగడానికి అల్ట్రాసోనిక్ తొట్టి, అది నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రెండోసారి 31 పంపితే 31 పాసయ్యాయి. ఆ రోజు షాపులో అందరికీ బిర్యానీ తెప్పించాను. ఆ మూల ఇప్పటికీ అలాగే ఉంది, దాని వల్లే తర్వాత వ్యాక్యూమ్ పంపుల వాళ్ల పని వచ్చింది, వైద్య పరికరాల వాళ్ల పని వచ్చింది. అంటే 40 ఫ్లాంజ్‌లు ఒక చిన్న షాపు స్థాయిని మార్చేశాయి. ఒక రింగు మొత్తానికి ఇలాంటి ఫ్లాంజ్‌లు, చాంబర్లు, అయస్కాంతాల స్టాండ్లు, నీళ్లు పారే రాగి ముక్కలు వేలల్లో కావాలి.

మన దేశపు పనివాళ్లకు ఇది చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. జెనీవాలో సెర్న్ అనే పరిశోధన సంస్థ వాళ్ల, కణాలను పరిగెత్తించే 27 కిలోమీటర్ల యంత్రంలో ఒక్కోటి 35 టన్నుల బరువుండే అయస్కాంతాలను మోస్తూ, మిల్లీమీటర్లో పదో వంతు కన్నా సన్నగా సర్దడానికి వీలయ్యే జాకీలు దాదాపు 7,000 ఇండియా నుంచే వెళ్లాయి. సరిదిద్దే చిన్న సూపర్ కండక్టింగ్ అయస్కాంతాలు 1,700 పైగా వెళ్లాయి. జర్మనీలో కడుతున్న ఫెయిర్ అనే అలాంటి ఇంకో పెద్ద యంత్రానికి పవర్ కన్వర్టర్లు చేసింది మన ఈసీఐఎల్. మా బాలానగర్‌లోనే 1970లో మొదలైన ఎంటార్ ఇప్పుడు అణు రియాక్టర్లకు, ఇస్రో రాకెట్లకు ముక్కలు చేస్తోంది. పరదేశాల రింగులకు చేయగా లేనిది మన రింగుకి చేయలేమా?

బ్రెజిల్ చూడండి. కంపినాస్ ఊళ్లో 1997 నుంచి వాళ్లకి ఒక చిన్న రింగు ఉండేది, మన ఇండస్ లాంటిదే. దాని మీద పని నేర్చుకుని 518 మీటర్ల కొత్త రింగు కట్టారు, పేరు సిరియస్, 2018లో ప్రారంభించారు. 2020లో కరోనా ప్రోటీన్ల మీదే మొదటి ప్రయోగాలు చేశారు. వాళ్లు అయస్కాంతాలు చేయించింది కరెంటు మోటార్లు చేసే సొంత దేశపు కంపెనీ చేత. ఆ కంపెనీకి అంతకు ముందు సింక్రోట్రాన్ అయస్కాంతాల అనుభవం లేదు, శాస్త్రవేత్తలు పక్కన కూర్చుని నేర్పించారు, వాళ్లు నేర్చుకున్నారు.

ఇక్కడ మాకు అడ్డం పడుతున్నది టెండర్ కాగితాలు. ఆ ఫ్లాంజ్‌ల తర్వాత అదే పనికి మళ్లీ టెండర్ వేశారు, అందులో ఏడాదికి ఇన్ని కోట్ల టర్నోవర్ ఉండాలి, ఇలాంటి పని మూడుసార్లు చేసి ఉండాలి అని రాశారు. మొదటిసారి ఎవరూ ఇవ్వకపోతే మూడోసారి ఎక్కడి నుంచి వస్తుంది? కేంద్ర సంస్థలు ఏటా కొనే వాటిలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని నియమం ఉంది, నాణ్యత బాగుంటే అనుభవం, టర్నోవర్ షరతులు సడలించవచ్చని కూడా ఉంది. డబ్బు 45 రోజుల్లో ఇవ్వాలని 2006 చట్టం చెప్తోంది. నాకు ఆ ఫ్లాంజ్‌ల డబ్బు ఎనిమిది నెలలకు వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ జీతాల రోజు వస్తుందంటే నాకు టెన్షన్, మా ఆవిడ గాజులు రెండుసార్లు బ్యాంకుకి వెళ్లొచ్చాయి. ఈ మాట ఎవరినో తిట్టడానికి రాయట్లేదు, పని వచ్చిన మనిషి మళ్లీ ఆ పని జోలికి పోకుండా పారిపోయేది ఇలాంటి చోటే అని తెలియాలని రాస్తున్నాను.

కొత్త రింగుకి డబ్బు మంజూరయ్యే దాకా ఆగక్కర్లేదు. ఫ్లాంజ్, చాంబర్, స్టాండ్ లాంటి వాటి నమూనా డ్రాయింగులు ఇప్పుడే బయటపెట్టండి, ఎవరికి ఇష్టమైతే వాళ్లు చేస్తారు, ఇందోర్‌లో పరీక్షించి పాసైన షాపుల జాబితా ఒకటి తయారుచేయండి, రేపు టెండర్‌లో టర్నోవర్ బదులు ఆ జాబితా చూడండి. మా దగ్గర 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, ఎన్ని వేల మందికి పని నేర్పిందో లెక్క లేదు, నేనూ అక్కడ సాయంత్రం కోర్సు చేసినవాణ్నే. అలాంటి చోట ఒక హీలియం లీక్ డిటెక్టర్, ఒక శుభ్రమైన గది పెట్టి గంటకింత అని తీసుకుంటే బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపులన్నీ వాడుకుంటాయి. ఆ మిషన్ విడిగా కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. టిగ్ వెల్డింగ్ చేసే కుర్రాళ్లను నెల రోజులు ఇందోర్ పంపినా చాలు, వాళ్లు తిరిగొచ్చి పదిమందికి నేర్పుతారు.

రింగు హైదరాబాద్‌లోనే పెట్టాలని నేను పట్టుబట్టను. మా అమ్మాయి మాత్రం మనది గట్టి రాతి నేల కదా, ఇక్కడ ఎందుకు పెట్టకూడదు అంటుంది. జపాన్‌లో స్ప్రింగ్-8 అనే 1,436 మీటర్ల రింగుని రాతి నేల చూసుకుని ఒక గుట్ట చుట్టూ కట్టారట, నేల కదిలితే వెలుగు కూడా కదులుతుంది కాబట్టి. మన గుట్టల్ని మనం పగలగొట్టుకుంటూ పోతున్నాం, అది ఇంకో ఉత్తరానికి విషయం. సీసీఎంబీ, ఐఐసీటీ, సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్, జీనోమ్ వ్యాలీ, డీఎంఆర్ఎల్ లాంటి పరిశోధన కేంద్రాలన్నీ ఉన్న ఊరికి ఇది బాగా అక్కరకొస్తుంది, మందు బిళ్లలో స్ఫటికం ఏ రూపంలో ఉందో చూడటం నుంచి ఇంజిన్ బ్లేడులో పగులు ఎక్కడ మొదలైందో చూడటం దాకా. ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు కొలిచి తేల్చనివ్వండి. ముక్కలు మాత్రం ఎక్కడ రింగు ఉన్నా లారీలో వెళ్తాయి.

మీ పేపర్‌ని నేను అడిగేది ఒకటే. ఇందోర్‌కి మీ విలేకరిని ఒకర్ని పంపండి, అక్కడ ప్రయోగాలు చేస్తున్న తెలుగు పిల్లలతో మాట్లాడించి ఆదివారం పూట ఒక పేజీ వేయండి. మా పనివాళ్లు దాన్ని చదువుతారు, ఆ పేజీ గోడకి అంటించే బాధ్యత నాది.

ఈ ఉత్తరం ఆ రింగు పనిలో ఉన్న ఇంజినీర్లు ఎవరైనా చూస్తే, నాకు ఒక చాంబర్ డ్రాయింగ్ పంపించండి. మెటీరియల్ నాది, కూలి నాది. చేసి, కడిగి, మూతలు పెట్టి ఇందోర్‌కి నేనే తెచ్చి ఇస్తాను, మీ మీటరు కింద పెట్టి చూడండి. మా టర్నర్ కూడా వస్తానంటున్నాడు.

ఇట్లు,
ఒక మెషిన్ షాపు యజమాని,
బాలానగర్, హైదరాబాద్